లేని సాంచాల నడుమ

మొదటి రోజు గ్రౌండుకు తీసుకపోతే మా బాపు అడిగిన మొదటి మాట, “ఎవలు సచ్చిన్రు?”

తప్పు ఆయనది కాదు. పొద్దున ఆరు గంటలకు నలభై యాభై మంది, మొహాలు కిందికేసుకొని, మాటా ముచ్చటా లేకుంట ఒక్క దిక్కే గుండ్రంగ నడుస్తున్నరు. కొందరి మెడల తువ్వాలలున్నయి. ఒకాయన చెవుల్ల ఏవో పెట్టుకొని తనలో తనే గొణుక్కుంటుండు. పాడె ఒక్కటే తక్కువ. బాపు కొత్త బూట్లు విడిచి పక్కకు పెట్టిండు, చేతులు కట్టుకొని ఆ వరుసల కలిసిండు. నడుస్తుండు గదా అని నాకు సంబురమైంది. పదడుగులు వేసినంక పక్కన నడిచే రిటైర్డు సారు భుజం మీద చెయ్యేసిండు.

“బాధపడకు సారూ. పెద్ద పాణమే గదా?”

ఆ సారు నా దిక్కు చూసిండు. నేను మబ్బు దిక్కు చూసిన.

“ఎత్తుడు ఎన్నింటికి?” అన్నడు బాపు.

సారు మంచోడు. ఒక నిమిషం ఆలోచించి “ఎనిమిదింటికి” అన్నడు.

“ఎనిమిదింటికైతే గింత జల్ది ఎందుకు లేపినవ్‌రా నన్ను?” అని బాపు నా మీద కోపం చేసి, పోయి సిమెంటు బెంచి మీద కూసున్నడు. ఎనిమిది దాకా లేవలే. ఎనిమిదికి శవం రాలే. ఇంటికి ఆటోల వచ్చినం, కొత్త బూట్లు అక్కడనే మరిచి.

మా బాపు సిరిసిల్లల ముప్పై ఏండ్లకు పైన సాంచాలు నడిపిండు. సాంచ అంటే మరమగ్గం, కరెంటుతోని నడిచేది. మా ఊర్ల పుట్టినోళ్లకు ఆ చప్పుడు లేకపోతే నిద్రపట్టది, బయటోళ్లకు ఉంటే పట్టది. ఒక మనిషి ఎనిమిది సాంచాలు చూసుకోవాలె. ఇటు నాలుగు, అటు నాలుగు, నడుమ సందు. ఆ సందులనే ఈ కొసకెల్లి ఆ కొసకు, ఆ కొసకెల్లి ఈ కొసకు. యాడ పోగు తెగింది, యాడ కండెల నూలు అయిపోయింది అని చూసుకుంట తిరుగుడే. రోజుకు పన్నెండు గంటలు నడిచిండు. ఎక్కడికీ పోలే.

మతి మెల్లగ పోయింది. ఒక్కసారి పోయినట్టయితే మేము కూడ ఒక్కసారే ఏడ్చి అన్నం తిందుము. మొదట తాళంచెవి మరిచిండు, అందరం మరుస్తం. తర్వాత చాయ్ తాగిన హోటలుకెల్లి ఇంటికి తొవ్వ మరిచిండు. ఆ తర్వాత మా అవ్వ సచ్చిపోయిందన్న సంగతి మరిచిండు. అవ్వ పోయి నాలుగేండ్లు. “మీ అవ్వ యాడికి పోయిందిరా?” అని అడిగితే మొదట్ల నిజమే చెప్పిన. చెప్పిన ప్రతిసారి కొత్తగ ఏడ్చిండు. మూడు రోజులు చూసి నిజం మానేసిన. అవ్వ పుట్టిల్లు చెన్నూరు. “చెన్నూరు పోయింది బాపూ” అంటున్న. బతికున్నప్పుడు ఏడాదికి ఒకసారి పోనిస్తే గొప్ప, ఇప్పుడు రోజూ పోతుంది.

నేను బస్టాండు దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్ల పనిచేస్త. ఆధార్ కార్డుల పేరు తప్పుపడ్డోళ్లు, పుట్టిన తేదీ తప్పుపడ్డోళ్లు, భర్త పేరు కాడ తండ్రి పేరు పడ్డోళ్లు నా దగ్గరికి వస్తరు. పొద్దటినుంచి మూడున్నర దాకా ఊరందరికీ నువ్వు ఫలానా అని కాయితం చేసిచ్చి ఇంటికి వస్తే, గడపల కూసున్న బాపు “ఎవలు గావాలె?” అంటడు. నా దగ్గర ప్రూఫ్ లేదు.

నేను పనికి పోయినప్పుడు పక్కింటి పెద్దమ్మ మా అరుగు మీదనే చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేసుకుంట బాపును చూసుకుంటది. సాయంత్రం ఆమె పోయినంక ఇంట్ల ఇద్దరమే. టీవీ ఒకటి మాట్లాడుతది. నాకు చిన్నప్పటినుంచి ఏదన్న జరిగితే దాని మీద ఒక మాట విసురుడు అలవాటు. దానికి నవ్వేటోడు బాపొక్కడే ఉండె. అవ్వ తిడుతుండె, అన్న కొడుతుండె, బాపు మొహం అటు తిప్పుకొని భుజాలు ఊపుకుంట నవ్వుతుండె. ఇప్పుడు నేనన్న మాట ఆయన దాకా పోయి, గోడకు కొట్టుకొని నా దగ్గరికే వస్తది. ఒకటి రెండు సార్లు నేనే నవ్విన. బాగనిపియ్యలే.

అన్న దుబాయిల ఉంటడు. శుక్రవారం శుక్రవారం వీడియో కాల్ చేస్తడు. బాపు ఫోన్ల మొహం చూసి, సాంచాల యజమాని అనుకొని, “సేటు నమస్తే” అంటడు. అన్న కండ్లు తుడుచుకుంటడు. ఇటు నేను ఫోను పట్టుకొని నిలబడ్డందుకు చెయ్యి గుంజుతది.

ఎండాకాలం ముందు ఒకసారి బాపు స్నానాల గదిల జారి పడ్డడు. ఎముక విరగలే గాని భయం పట్టుకుంది. లేవుడు తగ్గించిండు. పొద్దున కుర్చీల కూసుంటే పొద్దూకేదాక అదే కుర్చీ. కాళ్లు సన్నబడ్డయి. పిక్కలు ముట్టుకుంటే లుంగీ ముట్టుకున్నట్టే ఉంటుండె. మధ్యాహ్నమంత కునికిపాట్లు, రాత్రంత తలుపు గుంజుడు, “డ్యూటీకి టైమైంది” అని లొల్లి. అన్నం పెడితే రెండు ముద్దలు. నేను ఒక రోజు సెలవు పెట్టి కరీంనగర్‌ల డాక్టరు దగ్గరికి తీసుకపోయిన.

డాక్టరమ్మ బాపును లేచి నిలబడమన్నది. బాపు కుర్చీ చేతులు పట్టుకొని మూడుసార్లు ప్రయత్నం చేసి లేచిండు. ఆమె నా దిక్కు తిరిగింది.

“తమ్మీ, మందులు రాస్త. కాని నువ్వు ఈయనను నడిపియ్యాలె. రోజూ, తప్పకుంట.”

“నడిస్తే మతి తిరిగొస్తదా మేడం?”

“రాదు. ముందే చెప్తున్న, ఆశ పెట్టుకోకు. కాని ఒళ్లు కదిలితే నిద్ర పడ్తది. ఆకలైతది. గీ చికాకు, లొల్లి తగ్గుతది. కాళ్లల్ల బలముంటే పడుడు తగ్గుతది. తన పని తను చేసుకునే రోజులు కొన్ని ఎక్కువ దొరుకుతయి. ఇట్లనే కూసుంటే మాత్రం…” అని ఆగింది.

“మాత్రం?”

“మంచం పడ్తడు. ఇసొంటోళ్లు ఒక్కసారి మంచం పడితే లేపుడు కష్టం.”

అంతే. నా ముందట ఉన్నది ఒక్కటే లెక్క. మంచమా, కాళ్లా. పాణం మీదికొచ్చిన సంగతి అంత చిన్న మాటల చెప్పింది. నేను ఏదన్న ఒక జోకు వేద్దామని చూసిన, దొరకలే. కిందికొచ్చి బూట్లు కొన్న.

ఆ బూట్లు పోయిన కథ మొదలే చెప్పిన. గ్రౌండు కాదనుకొని ఇంట్లనే మొదలుపెట్టినం. డాక్టరమ్మ దగ్గర ఎక్సర్‌సైజులు చెప్పే పిలగాడొకడు కాయితం మీద బొమ్మలు గీసిచ్చిండు. కుర్చీలకెల్లి లేచుడు, కూసునుడు, పదిసార్లు. నేను ముందట నిలబడి చేసి చూపెట్టిన. బాపు రెండుసార్లు బాగనే చేసిండు. మూడోసారి లేచి, రెండు చేతులు అడ్డంగ పెట్టుకొని చెవులు పట్టుకున్నడు.

“సారూ, రేపటికెల్లి జల్ది వస్త” అన్నడు.

ఏ బడి, ఏ సారు, ఎన్నేండ్ల కిందటి గుంజీలో. కాయితం మడిచి అల్మారల పెట్టిన.

చేతులకని రబ్బరు పట్టీ ఒకటి తెప్పిచ్చిన, రెండు కొసలు పట్టుకొని గుంజేది. బాపు దాన్ని తీసుకొని వెలుతురుకు పట్టి చూసిండు. బొటనవేలుతోని రాసిండు, కొంచెం గుంజిండు, వదిలిండు. “ఇది సాగుతుందిరా. గీ నూలుతోని బట్ట నిలబడది. మాల్ వాపస్ పంపు.” అన్నడు. ఇన్ని రోజులల్ల ఆయన అంత గట్టిగ చెప్పిన మాట అదే. వాపస్ పంపిన.

బంతి విసిరితే మర్యాదగ తీసుకొచ్చి చేతికిచ్చిండు. ఫోన్ల వీడియో పెడితే ఆ ఎగిరే ఆడామెకు పైట లేదని మొహం తిప్పుకున్నడు. పెద్దమ్మ బీడీకి దారం చుట్టుకుంట అన్నది, “ఏం బిడ్డా, ఉత్తగ నడువుమంటే ఎవడు నడుస్తడు? మీ బాపు గింత బతుకుల పనిలేకుంట ఒక్క అడుగు ఏసిండా?”

ఆ మాట ఆమె ఎగతాళికే అన్నది. నాకు పనికొస్తదని అప్పుడు తెల్వలే.

ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మా వెనుక గల్లీల ఇంకా నడుస్తున్న కార్ఖానా ఒకటి ఉన్నది. అది బందైతే వాడకట్టంత చెవులు మూసుకున్నట్టయితది. గంటన్నర తర్వాత కరెంటు వచ్చింది. ఒక్క సాంచ మొదలైంది, తర్వాత రెండోది, మూడోది. నేను బాపు ముందట గిన్నెల అన్నం కలుపుతున్న. ఆయన కుర్చీ చేతులు పట్టుకోలేదు. ఒక్కసారే లేచిండు. లుంగీ మడిచి కట్టిండు. తలకాయ కొంచెం కుడికి వంచి చెవి పెట్టిండు. తర్వాత నడిచిండు, బర్రున తలుపు దిక్కు.

అన్నం చేతితోనే వెనుక ఉరికిన.

నడిచే కార్ఖానాలకు పోనియ్యలేను. పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరి తాకితే కన్ను పోతది, బెల్టుల లుంగీ చిక్కితే మనిషే పోతడు. నాలుగిండ్లవతల బాపు పనిచేసిన పాత షెడ్డు ఉన్నది. పనుల్లేక సేటు అందులున్న సాంచాలన్నీ ఇనుప తుక్కు కింద అమ్మేసిండు. షెడ్డు మాత్రం ఖాళీగ ఉన్నది. దానికి కాపలా ఉన్నాయన బాపుతోని కలిసి పనిచేసినోడే. నేను కాకా అంట. కాక గేటు కాడ బీడీ తాగుకుంట కూసున్నడు.

“కాకా, జర తలుపు తియ్యి.”

“లోపట ఏమున్నదిరా? గబ్బిలాలున్నయి.”

“గబ్బిలాలనే సూపెడ్త, తియ్యి.”

కాక తలుపు తీసిండు. పొడుగు రేకుల షెడ్డు. పై రేకులల్ల నాలుగైదు చోట్ల బొక్కలుండి ఎండ పుల్లలు పుల్లలుగ దిగుతుంది. సాంచాలు లేవు గాని వాటి జాగలు ఉన్నయి. అవి నిలబడ్డచోట నేల ఏండ్ల నూనె తాగి నల్లగ ఉంది. మనుషులు తిరిగిన చోట అరిగి, నున్నగ, తెల్లగ ఉంది. ఎనిమిది నల్ల జాగలు. నడుమ తెల్ల తొవ్వ.

బాపు గడపల ఒక క్షణం ఆగి, గోడకు చేత్తోని ముట్టి కండ్లకు అద్దుకున్నడు. తర్వాత ఆ తెల్ల తొవ్వల దిగిండు.

ఇంట్ల కాళ్లీడ్చుకుంట నడిచే మనిషి, ఇక్కడ అడుగు లేపి వేస్తుండు. కుడికి ఒక చూపు, ఎడమకు ఒక చూపు. మూడో జాగ కాడ ఆగి వంగిండు, రెండు వేళ్లతోని గాలిల ఏదో పట్టుకొని ముడేసిండు, మళ్ల కదిలిండు. కొసకు పోయి నడుము తిప్పకుంట కాళ్ల మీదనే మలిగిండు. ఆ మలుగుడు సందుల తిరిగినోళ్లకే వస్తది, ఇటు సాంచకు తాకది, అటు సాంచకు తాకది. నల్ల జాగ మీద ఒక్కసారి కూడ అడుగు పెట్టలే.

నేను ఆయనకు నీళ్లిద్దామని అడ్డంగ పోయిన. అంటే ఒక నల్ల జాగ దాటుకుంట. బాపు ఉరికొచ్చి నా రెక్క పట్టి ఇవతలికి గుంజిండు. అంత బలం ఆ చేతుల ఉన్నదని నేను మరిచిపోయిన. ఆయన మొహంల నిజంగ భయముంది. నడుస్తున్న సాంచల పడబోయిన మనిషిని చూసినట్టు చూసిండు.

“బాపూ, ఏంకాలే, నేనే” అన్న.

అంతే, ఆయన ఆగిపోయిండు. నా నోరు చూసిండు, పైన రేకులు చూసిండు, చుట్టూత చూసిండు. సాంచాలు నడిచేకాడ మనిషి మాట వినపడది గదా. వినపడ్డదంటే సాంచాలు బందున్నట్టు. బందుంటే నడిచేదేముంది? కాళ్లు మళ్ల ఈడ్చుడు మొదలైంది. గోడకు ఆనుకొని కూసున్నడు. ఇంటికి వచ్చేసరికి ముప్పావు గంట.

కాక తెల్లారి అసలు సంగతి చెప్పిండు. “అరేయ్, షెడ్డుల ఎవడన్న నోటితోని మాట్లాడుతడారా? చేతులతోని మాట్లాడాలె. నాలుగు గంటలకు రా, నేర్పుత.”

అట్ల నేను ఇరవై ఎనిమిదేండ్లకు మా కులవృత్తిల చేరిన. సాంచాలు లేనంక.

బొటనవేలు నోటి దిక్కు వంచితే నీళ్లు. రెండు చూపుడువేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగింది. మీసం మెలేస్తే సేటు వస్తుండు, పనిల ఉండు. మణికట్టు మీద తడితే టైమెంత. వేళ్లు కలిపి నోటికాడికి తెస్తే తిన్నవా. నడుము మీద చెయ్యి పెట్టి కండ్లు మూస్తే ఇగ నాతోని కాదు, ఇంటికి పోత. కాక గోడ పక్కన కూసొని పరీక్ష పెట్టేటోడు. తప్పు చేస్తే తిట్టు కూడ చేతులతోనే తిట్టిండు. ఆ తిట్టు ఇక్కడ రాయలేను. రాసుడు రాక కాదు.

ఇగ రోజూ నాలుగింటికి మేమిద్దరం డ్యూటీకి పోయేది. ఇటు వరుస ఆయనది, అటు వరుస నాది. ఆయన తలకాయల ఎనిమిది సాంచాలు నడుస్తుండె, నా చెవులల్ల గబ్బిలాల రెక్కల చప్పుడు. నడుమ నడుమ ఎదురుపడేది. పోగు తెగిందని సైగ చేస్తే నేను పోయి గాలిని ముడేసేది. సరిగ ముడేయకపోతే ఆయన వచ్చి విప్పి మళ్ల వేసేది. చూసేటోళ్లకు ఇద్దరికీ మతి లేనట్టే ఉంటది. ఒకరికి ఉన్నదని చెప్పుకునేందుకు అక్కడ ఎవరూ లేరు.

నెల తిరిగేవరకు తేడా కనపడ్డది. పెద్దమ్మే ముందుగాల కనిపెట్టింది.

“మీ బాపు ఇయ్యాల మామిడికాయ తొక్కుతోని ఇంకింత అన్నం అడిగిండు బిడ్డా.”

“నిన్ను ఎవరనుకొని అడిగిండు?”

“ఎవలనుకుంటే ఏంది? అడిగిండు, పెట్టిన.”

రాత్రి తలుపు గుంజుడు తగ్గింది. తెల్లారేదాక ఒక్క నిద్ర. పొద్దున అంగీ గుండీలు తనే పెట్టుకునేది, ఒకటి అటు ఒకటి ఇటు. స్నానాల గదిల గోడ పట్టుకోకుంట నిలబడేది. డాక్టరమ్మ మళ్ల చూసినప్పుడు బాపు కుర్చీలకెల్లి చేతులు పట్టకుంటనే లేచిండు. “ఏం చేస్తున్నవ్ తమ్మీ?” అని అడిగింది. సాంచాలు నడుపుతున్నమని చెప్పిన. కాయితం మీద “నడక” అని రాసుకుంది.

మతి మాత్రం ఆమె చెప్పినట్టే, తిరిగి రాలే. ఇంకొంచెం అటే పోయింది. అంతకుముందు పదిసార్లల్ల ఒకసారన్న నన్ను “చిన్నోడా” అనేది. ఇప్పుడు షెడ్డుల కొత్తగ చేరిన పనోణ్ని, ఇంట్ల ఆ పనోడు ఎందుకొచ్చిండో తెలియని మనిషిని. “డ్యూటీ అయింది గదా తమ్మీ, మీ ఇంటికి పోరాదూ” అనేది. వంటింట్లకు పోయి కొంచెంసేపు నిలబడి, మళ్ల వచ్చేది. “అయ్యో మళ్ల వచ్చినవా, రా రా, కూసో” అనేది. మర్యాదకు తక్కువ లేదు.

వానలు మొదలైనంక ఒక సోమవారం గేటు కాడ లారీ ఉన్నది. సేటు షెడ్డును యూరియా బస్తాలకు గోదాము కింద కిరాయికిచ్చిండు. కాక మొహం చూడకుంట చెప్పిండు. లోపట ఎనిమిది సాంచాల మీద బస్తాలు రేకుల దాక పేర్చి ఉన్నయి. బాపు గేటుల నిలబడి మీసం మెలేసి సైగ చేసిండు, సేటున్నడా అని. నేను ఉన్నడన్న. ఆయన తల వంచుకొని వెనుకకు మలిగిండు.

నాలుగు రోజులు కుర్చీల కూసున్నడు. నాలుగు రోజులకే తలుపు గుంజుడు మళ్ల మొదలైంది. శుక్రవారం అన్న ఫోను చేసిండు.

“అరేయ్, ఇగ చాలు తియ్‌రా. పట్టీలున్న మంచం ఒకటి తెప్పియ్యి. పడితే ఎవడు చూస్తడు? ఒక్కకాడ ఉంటే పదిలంగుంటడు.”

“పదిలంగనే ఉంటడన్నా. మంచం నుంచి ఇగ యాడికీ పోడు.”

“నీకు అన్నీ నవ్వులాటే. నేను ఈడ ఎంత పరేషానైతున్ననో నీకేం ఎరుక?”

“అన్నా, పది రోజులియ్యి. పది రోజుల్ల లేవకపోతే నేనే మంచం పట్టుకొస్త.”

అన్న “పది రోజులే” అని పెట్టేసిండు. వాడు కూడ ఒక గదిల ఒక్కడే ఉంటడు. ఆ మాట నేను అనలే, వాడు చెప్పలే.

ఇంటెనుక గచ్చు మీద సున్నంతోని ఎనిమిది జాగలు గీసిన. పక్కింటోళ్లు గోడ మీదికెల్లి చూసిన్రు. “గిదేం ముగ్గయ్యా?” అన్నది ఒకామె. పెద్దమ్మ నాకంటె ముందే జవాబు చెప్పింది, “వానికి పెండ్లి కాలే గదా, ముగ్గు వచ్చని చూపెడుతుండు.”

బాపును తెచ్చి ఆ గీతల ముందట నిలబెట్టిన. గీతలు చూసిండు, నన్ను చూసిండు. కుర్చీ అడిగిండు. తెచ్చి వేసిన, కూసున్నడు. తెల్లారి వాన వచ్చి రెండు సాంచాలు కొట్టుకపోయినయి. మళ్ల గీసిన. మూడోరోజు, నాలుగోరోజు, అదే కుర్చీ. ఫోన్ల సాంచాల చప్పుడు రికార్డు చేసి వినిపిచ్చిన. “ఆ డబ్బా బంద్ చెయ్యి తమ్మీ, తలకాయ నొస్తుంది” అన్నడు.

ఏడో రోజు నాకే ఏం చెయ్యాల్నో తోచలే. నాలుగింటికి ఇంట్ల ఉండబుద్ధి కాలే. కాళ్లు అలవాటు పడ్డయి గావచ్చు. ఆయనను అక్కడనే కూసుండబెట్టి, సున్నం గీతల నడుమకెల్లి నేనొక్కణ్నే తిరుగుడు మొదలుపెట్టిన. ఈ కొసకెల్లి ఆ కొసకు. ఇటు ఒక చూపు, అటు ఒక చూపు. ఎనిమిది సాంచాలు నేనే చూసుకోవాలె, రెండో మనిషి పనికి రాలే. పోగు తెగితే ముడేసిన. నీళ్లు కావాలని సైగ చేస్తే ఇచ్చేటోడు లేడు, నేనే తాగిన. గోడ మీద మొహాలు వచ్చినయి, పోయినయి. ఎన్నో నెలలుగ ఇంట్ల ఒక్కణ్నే ఉన్నట్టున్నది గాని, అంత ఒంటరిగ నేను ఎప్పుడూ లేను. ఇరవై రౌండ్లయినంక లెక్క మరిచిన.

ఒక కొస కాడ మలుగుతుంటె కాలు సున్నం గీత మీద పడ్డది.

నా రెక్క మీద చెయ్యి పడింది. బాపు. కుర్చీలకెల్లి ఎప్పుడు లేచిండో చూడలే. నన్ను ఇవతలికి గుంజి, కోపంగ చూసి, ఎట్ల మలుగాల్నో తను మలిగి చూపెట్టిండు. కాళ్ల మీదనే, నడుము తిప్పకుంట. నేను చేసిన, బాగలేదన్నట్టు తల ఊపిండు. మళ్ల చేసిన. ఆయన ముందట, నేను వెనుక. తర్వాత నన్ను అటు వరుసకు తోసి ఇటు వరుస తను పట్టుకున్నడు. మొదటి రౌండు కాళ్లు వణికినయి. రెండోదానికి అడుగు లేచింది.

ఆరో రౌండుల నడుమ ఎదురుపడ్డప్పుడు ఆగిండు. మణికట్టు మీద తట్టిండు. అయిదు అని వేళ్లు చూపిచ్చిన. ఆయన మొహంల తొందర కనపడ్డది. అరచెయ్యి మోకాలు ఎత్తుకు పెట్టి, గింత పిలగాడు అన్నడు. తర్వాత ముంజేతితోని ముక్కు తుడుచుకున్నట్టు చేసి, అటు మొహం తిప్పి భుజాలు ఊపిండు, నవ్వుతున్నట్టు. తన రొమ్ము మీద తట్టిండు, నా కొడుకు. ఇంటి దిక్కు చూపెట్టిండు. వేళ్లు కలిపి నోటికాడికి తెచ్చి, తల అడ్డంగ ఊపిండు. నేను పోనిదే తినడు.

మా అన్నకు ఎప్పుడూ ముక్కు కారలే. అవ్వ ఆ సంగతి వాడకట్టంత చెప్పేది.

నోటిదాక వచ్చింది. బాపూ నేనే. ఒక్క మాట. అన్నట్టయితే సాంచాలు బందైతయి. ఆయన నా నోరు చూస్తడు, మబ్బు చూస్తడు, గోడకు ఆనుకొని కూసుంటడు. రేపు లేస్తడో లేవడో. పది రోజులల్ల ఇంకా మూడే ఉన్నయి.

నేను మీసం మెలేసిన. సేటు చూస్తుండు. ఒక వేలు చూపిచ్చిన, ఇంకొక్క రౌండు.

బాపు నన్ను పైకెల్లి కిందిదాక చూసిండు, పిల్లలున్నోళ్ల కష్టం తెల్వనోణ్ని చూసినట్టు. లుంగీ మడిచి కట్టిండు. ఇంటి దిక్కు ఒకసారి చూసి, తన వరుసకు మలిగిండు.